రాచమ్మ దస్కతు

చిద్రి, బీదరు (మైసూరు రాష్ట్రం)
14 ఆగస్టు 1972

అన్నా, వందనాలు.

క్షేమసమాచారాలు చివర రాస్తాను. ముందు జరిగింది చెప్పకపోతే నా చెయ్యి ఆగేట్టు లేదు.

బాపు పోయినప్పటి నుంచి ఇంటి పట్టా అవ్వ పేరు మీదికి మార్పించాలని అనుకుంటూనే ఉన్నాం కదా. మొన్న బడికి సెలవు పెట్టి అవ్వను దఫ్తరుకు తీసుకుపోయాను. అక్కడ గుండప్ప అని ఒక గుమాస్తా ఉన్నాడు. కాగితాలన్నీ తిరగేసి సరిగ్గానే ఉన్నాయన్నాడు. తర్వాత మాటా పలుకూ లేకుండా ఇంకు ప్యాడు ముందుకు జరిపి, అవ్వ బొటనవేలు పట్టుకోబోయాడు. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. నా పెన్ను అడిగి తీసుకుని, కాగితం కింద నిదానంగా తన పేరు రాసింది.

ఆయన దాన్ని చూశాడు. ఇది చెల్లదు, వేలు పెట్టాల్సిందే అన్నాడు. ఆమెకు చదువు వచ్చని నేను కన్నడంలో చెప్పాను. తెలుగు చదువు ఇక్కడ చదువు కాదన్నాడు. పాత పట్టా తీసి బాపు వేలిముద్ర చూపించి, "మీ జనానికి మొదటినుంచీ హెబ్బెట్టే కదా" అన్నాడు. హెబ్బెట్టంటే వేలిముద్ర అని నీకు చెప్పనక్కర లేదు. 'మీ జనం' అంటే ఎవరో కూడా చెప్పనక్కర లేదు.

అవ్వ గొంతు పెంచలేదు. "నా మొగనికి రాకుండె, ఏలు పెట్టిండు. నాకొస్తది. వచ్చినదాన్ని రానట్టు ఎట్ల పెట్టాలె?" అంది. ఆయన ఫైలు మూసేశాడు.

అన్నా, ఆయనకు ఆ అక్షరాలు తెలియక కాదు. నేను పొద్దంతా పిల్లలతో కన్నడం దిద్దించేదాన్ని. తెలుగు 'రా'కు, కన్నడ 'రా'కు ఏం తేడా? రెండు భాషల 'చ'లకు, 'మ'లకు ఏం తేడా? తలకట్టు కొంచెం వంగుతుంది, అంతే. 'రాచమ్మ' అని ఆయన చదివాడు, పెదవులు కదలడం నేను చూశాను. చదివిన తర్వాతే చెల్లదన్నాడు.

మీ వారపత్రికలో స్త్రీల పేజీకి అనుభవాలు కావాలని రాశావు కదా. ఇదంతా రాసి దీనితో పంపుతున్నాను. అవ్వ మాటలు అవ్వ అన్నట్టే ఉంచాను. ఇద్దరం బాగానే ఉన్నాం. దవాఖానలో అవ్వకు పని ఎక్కువైంది. కొత్త ఆయా ఇంకా రాలేదు.

నీ చెల్లె
హేబ్సిబా


నారాయణగూడ, హైదరాబాదు
9 సెప్టెంబరు 1972

చిరంజీవి హేబ్సిబాకు అన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం, నీ రచన రెండూ అందాయి. ఒక్క బిగిన చదివాను. నీకు రాయడం వచ్చు అని ఇన్నాళ్ళూ నాకు తెలియకపోవడం నా తప్పే. దృశ్యం కళ్ళకు కట్టింది.

కొద్దిగా సరిచేయాల్సి ఉంటుంది. కోపం పాలు ఎక్కువైంది, పాఠకుడికి ముందు జాలి కలగాలి. భాష కూడా చూడాలి. మన ఇంట్లో మాట్లాడుకునేది బెజవాడలో, రాజమండ్రిలో చదివేవాళ్ళకు అర్థం కాదు. అవన్నీ నేను చూసుకుంటాను, నువ్వు దిగులుపడకు.

పట్టా సంగతికి వస్తే, అన్నగా ఒక మాట చెప్తాను విను. వేలిముద్ర పెట్టేయమను. ఒక్క క్షణం పని. అక్షరం కోసం ఇల్లు పోగొట్టుకుంటామా? అవ్వకు పట్టుదల ఎక్కువని నాకూ తెలుసు. కాని ఆ దఫ్తరువాళ్ళతో రోజూ మెలగాల్సింది నువ్వు. ఉద్యోగం చేసుకునే ఆడపిల్లవు.

ఇక్కడ నాకు బాగానే ఉంది. ప్రూఫులు దిద్దడం నుంచి కథల పేజీకి మార్చారు. ఎడిటరుగారికి నా మీద గురి కుదిరింది.

నీ అన్న
సంసోను


చిద్రి, బీదరు
2 అక్టోబరు 1972

అన్నా, వందనాలు.

చిరంజీవి అని ఎప్పటినుంచి రాస్తున్నావు? మన ఇంట్లో ఎవరూ అలా మొదలుపెట్టరు. చదవగానే వేరే ఎవరికో రావాల్సిన ఉత్తరం అనుకున్నాను.

నీ సలహా అవ్వకు చెప్పాను. బియ్యం ఏరుతూ విన్నది. తర్వాత, "వానికి అక్షరాలు నేర్పిన నాడు నా ఏలు పట్టుకునే దిద్దిండు. అదే ఏలు ఇప్పుడు సిరాల ముంచుమంటుండా?" అని అడిగింది. జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

మళ్ళీ దఫ్తరుకు పోయాం. గుండప్ప మమ్మల్ని మధ్యాహ్నం దాకా నిలబెట్టి, సాహెబు లేడన్నాడు.

రచన సంగతి. అక్షరదోషాలుంటే దిద్దు. అవ్వ అన్న మాటలను మాత్రం ముట్టుకోవద్దు. బెజవాడవాళ్ళ మాట మనం అర్థం చేసుకుంటున్నాం కదా, వాళ్ళు మన మాట ఒక్కసారి అర్థం చేసుకుంటే ఏం పోతుంది? జాలి కోసం నేను రాయలేదన్నా. అవ్వను చూసి ఆ రోజు నాకు జాలి కలగలేదు.

హేబ్సిబా


నారాయణగూడ, హైదరాబాదు
20 జనవరి 1973

ప్రియమైన చెల్లెలికి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఇక్కడ గొడవలు నీకు తెలిసినవే. ఆంధ్రలో రైళ్ళు ఆగిపోయాయి, పత్రిక కట్టలు స్టేషన్లలోనే పడి ఉన్నాయి. కాని శుభవార్త. నీది ఈ వారం సంచికలో వచ్చింది, బొమ్మతో సహా. ఎడిటరుగారు చాలా మెచ్చుకున్నారు. ఒక ప్రతి నీ పేరుతో పోస్టులో పంపాను. అందే ఉంటుంది. చూసి సంతోషిస్తావు. వెంటనే రాయి.

సంసోను


చిద్రి, బీదరు
11 ఫిబ్రవరి 1973

సంసోనన్నకు,

నువ్వు పంపిన పత్రిక అందింది. నేను బడిలో ఉండగా వచ్చింది. అవ్వ తీసుకుంది. కట్టు విప్పి, అద్దాలు పెట్టుకుని, నా రాక కోసం ఆగకుండా మొదటి నుంచి చివరి దాకా చదివింది.

నీకు ఆ ఆలోచనే రాలేదు కదా? పత్రిక మన ఇంటికి పోతుంది, ఆ ఇంట్లో చదివే మనిషి ఒకామె ఉంది అని. బైబిలు వాక్యం తప్ప ఆమె ఏమీ చదవదనుకున్నావేమో. లేకపోతే నువ్వు రాసిందే నువ్వు నమ్మేశావేమో.

నేను ఇంటికి వచ్చేసరికి పత్రిక ఒడిలో పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. "ఈ పోశమ్మ ఎవలు?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. ఇచ్చింది, చదివాను.

పోశమ్మ ఎవరు అన్నా? డెబ్భై ఏండ్ల ముసలమ్మ, వంగిపోయిన నడుము, చేతిలో కర్ర. నేను అవ్వ అని రాస్తే అక్కడివాళ్ళకు నాయనమ్మ అని అర్థం వచ్చిందా? వచ్చినా, నీకు రాలేదు కదా. కన్నతల్లిని నువ్వు అవ్వ అనే పిలిచావు, పుట్టినప్పటి నుంచి. ఆ పోశమ్మకు ఒక్క అక్షరం రాదు. దఫ్తరులో గుమాస్తా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంది. 'నేను చదువులేని మొద్దుని బాబూ' అంటుంది. ఆ గుమాస్తా దేవుడిలాంటివాడు. ఆమె వేలు తానే పట్టి ముద్ర వేయించి, కన్నీళ్ళు తుడిచి, పలక కొనిస్తాడు. చివర చదువు గొప్పతనం గురించి నాలుగు వాక్యాలు.

కింద రాసినవారి పేరు 'కుమారి హేమ, బీదరు'. హేమ ఎవరు? హేబ్సిబా అనే పేరు అచ్చులో పట్టదా? చర్చీ వాసన వస్తుందని కోసేశావా?

ఇది ఇంతటితో పోలేదు. మన గల్లీలో సాంబయ్య అని సిద్దిపేట నుంచి బ్యాంకు ఉద్యోగం మీద వచ్చిన ఆయన ఉన్నాడు. మంచివాడే. మీ పత్రిక క్రమం తప్పకుండా తెప్పించుకుంటాడు. మన ఇంటి సంగతి ఇదేనని పసిగట్టి, సాయం చేద్దామని దఫ్తరుకు పోయి గుండప్పకు కథంతా చెప్పాడు, తెలుగు పత్రికలో మీ దఫ్తరును ఇలా మెచ్చుకున్నారని. మరుసటి వారం మేం పోతే గుండప్ప నవ్వు మొహంతో ఎదురొచ్చాడు. మీ పత్రికలోనే ముసలమ్మ వేలు పెట్టిందటగదా, మీ వాళ్ళే ఒప్పుకున్న తర్వాత నీకేం అభ్యంతరం అని అవ్వను అడిగాడు. ఇంకు ప్యాడు మూత తీసే ఉంచాడు.

అవ్వ లేచి బయటికి వచ్చేసింది.

ఆ ఆదివారం చర్చిలో ఆడవాళ్ళ వైపు వాక్యం చదవాల్సింది అవ్వే, ఎప్పటిలాగే. పాస్టరు అయ్యగారు పిలిచారు. అవ్వ లేవలేదు. ఆమె చదువుతుంటే వినడానికే వచ్చే బక్కమ్మత్త మోచేతితో పొడిచింది. అయినా లేవలేదు. ఇంటికి వచ్చాక అడిగితే, "నాకు సదువు రాదని అచ్చేసినరు కదనే. అచ్చేసినంక అబద్ధమెట్లయితది?" అంది. అప్పటినుంచి పుస్తకం ముట్టలేదు.

నువ్వు చేసింది ఇది. గుండప్ప ఒక కాగితం మీద చేయబోయాడు, ఆమె ఆపింది. నువ్వు ఎన్ని వేల కాగితాల మీద చేశావో నాకు తెలియదు, ఆమె ఆపలేకపోయింది.

తప్పు దిద్దుతూ ప్రకటన వేయించు. అది వేసేదాకా నాకు ఉత్తరం రాయకు.

హేబ్సిబా. హేమ కాదు.


నారాయణగూడ, హైదరాబాదు
4 మార్చి 1973

హేబ్సిబాకు,

రాయవద్దన్నావు. అయినా రాస్తున్నాను. నీ నోటికి వచ్చిందంతా నువ్వు అన్నావు, నా మాటా వినాలి.

నువ్వు పంపింది పంపినట్టే ఎడిటరు బల్ల మీద పెట్టాను. నమ్మితే నమ్ము. అది ఎర్ర సిరా గీతలతో తిరిగి వచ్చింది. పైన ఆయన రాసింది అక్షరం పొల్లు పోకుండా చెప్తాను: 'దవాఖానలో ఊడ్చే ఆడమనిషి పుస్తకాలు చదవడం, గుమాస్తాను నిలదీయడం సహజంగా లేదు. పాఠకులు నమ్మరు. సహజంగా మార్చండి.' మార్చకపోతే వేయరు. వేయకపోతే నీ పేరు ఎప్పటికీ అచ్చులో రాదు. ఏదో ఒకటి రావడం మంచిదనుకున్నాను.

అది నిజంగా జరిగిందని చెప్పాల్సింది అంటావు. నీకేం తెలుసు? నేను ఇక్కడ చేరిన కొత్తలో 'గట్లనే చేస్త' అన్నందుకు గదిలో అందరూ పనులాపి నవ్వారు. తురక తెలుగు అన్నారు. ఉర్దూలో చదువుకున్నవాడు తెలుగు పత్రికలో ఏం చేస్తాడని అడిగారు. బీదరు అంటే కన్నడిగుడివా అంటారు. బీదరులో ఉన్నప్పుడు తెలుగోడివి అనేవాళ్ళు. పేరు చూసి ఇంకో రకంగా చూస్తారు. నేను నోరు కట్టేసుకుని, ఒక్కో మాట మార్చుకుని, వాళ్ళలా రాయడం నేర్చుకుని ఈ కుర్చీలోకి వచ్చాను. ఆ దవాఖాన ఆయా మా అమ్మే అని ఆ గదిలో నిలబడి చెప్పమంటావా?

నువ్వు కన్నడం నేర్చుకుని కన్నడ టీచరువయ్యావు. అదీ బతకడం కోసమే. నేను చేసిందీ అదే. నువ్వు చేస్తే తెలివి, నేను చేస్తే ద్రోహమా?

ప్రకటనలు మా పత్రిక వేయదు. కథలకు సవరణలు ఉండవు.

సంసోను


చిద్రి, బీదరు
15 జూలై 1973

సంసోనన్నకు,

ఐదు నెలలు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని భయపడ్డాను.

నేను కన్నడం నేర్చుకున్నాను, నిజమే. కాని మా అవ్వకు చదువు రాదని ఏ కన్నడ పిల్లవాడికీ చెప్పలేదు. తేడా అంతే. ఎడిటరు నమ్మలేదన్నావు. గుండప్పా అంతే, కళ్ళతో చూసి కూడా నమ్మలేదు. నువ్వు మాత్రం ఆమె చదువుతుంటే విని పెరిగినవాడివి. ఆ గదిలో ఆ సంగతి తెలిసిన మనిషివి నువ్వొక్కడివే. ఆ ఒక్కడూ నోరు మూసుకున్నాడు.

పట్టా పని అయింది. ఎలా అయిందో నీకు తెలియాలి.

పోయిన వారం అవ్వ తనంతట తానే చీర మార్చుకుని పద అంది. నేరుగా పెద్ద సాహెబు గదిలోకి పోయింది. బంట్రోతు అడ్డం వస్తే పక్కకు జరిపింది. సాహెబు ముసలాయన, నిజాం కాలం నుంచి కొలువులో ఉన్నవాడు. అవ్వ సంగతి చెప్పింది. ఆయన విసుక్కుని, రూలు అలా ఉందమ్మా, ఇక్కడి భాషలో సంతకం రాకపోతే వేలు పెట్టాలన్నాడు. అలా అంటూనే ముందున్న కాగితం మీద సంతకం చేశాడు, కుడి నుంచి ఎడమకు.

అవ్వ ఆ కాగితం వైపు చూసి, "సాబ్, ఆప్ కా దస్తఖత్ ఉర్దూ మే హై నా?" అంది, మీ సంతకం ఉర్దూలో ఉంది కదా అని.

ఆయన పెన్ను అలాగే పట్టుకుని ఉండిపోయాడు. కాసేపటికి ఆయన గుండప్పను పిలిచి, ఈమెతో సంతకం చేయించు అన్నాడు.

గుండప్ప చేయించాడు. అవ్వ రాసింది. దాని పక్కన ఆయన కన్నడంలో ఏదో గిలికి కాగితం తిప్పేయబోయాడు. అవ్వ అరచెయ్యి కాగితం మీద పెట్టి ఆపింది. వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "గు... రు... తు." తలెత్తింది. "ఏలిముద్ర పక్కన గదా గురుతు అని రాస్తరు? నేను గురుతు పెట్టిన్నా, దస్కతు చేసిన్నా?"

అన్నా, ఆమెకు కన్నడం ఎవరూ నేర్పలేదు. అక్కచెల్లెళ్ళ లాంటి అక్షరాలు, పోల్చుకుని చదివింది. గుండప్ప మొహం ఎర్రబడింది. దాన్ని కొట్టేసి 'సహి', అంటే సంతకం, అని రాశాడు. అది కూడా చదివి, అప్పుడు చెయ్యి తీసింది.

ఇంటికి వచ్చి నన్ను కాగితం అడిగింది. మీ ఎడిటరుకు ఉత్తరం రాసింది. నేను ఒక్క మాట కూడా చెప్పలేదు, ఒక్క అక్షరం దిద్దలేదు. దీనితో పంపుతున్నాను. ఆయన చేతికి ఇస్తావో, చించి పారేస్తావో నీ ఇష్టం. ఇస్తే నువ్వు ఎవరి కొడుకువో ఆయనకు తెలుస్తుంది. అందుకే నీ చేతికే పంపమంది.

హేబ్సిబా


చిద్రి

పత్రిక పెద్దలకు బీదరు వాస్తవ్యురాలు ఏసప్ప భార్య రాచమ్మ వ్రాయునది ఏమనగా,

మీరు అచ్చువేసిన పోశమ్మ కథ నేను చదివితిని. అది నా సంగతి. దాంట్ల నిజం లేదు. పోశమ్మ ఏడ్సింది, నేను ఏడ్వలే. పోశమ్మ ముసల్ది, నాకు యాభై. పోశమ్మకు గుమాస్త పలక కొనిచ్చిండు. నాకు ఎవలు కొనియ్యలే. ఎండకాలంల మిషను బంగళాల ఆడోళ్ళకు బడి పెడితే, పెండ్లయినంక, పిల్లను సంకల పెట్టుకొని పోయి నేర్సుకున్న. నా మొగనికి సదివి వినిపించిన. నా పిల్లలకు నేనే దిద్దిచ్చిన.

మీ దగ్గర పని చేసే సంసోనుకు కూడ నేనే దిద్దిచ్చిన. వాడు నా కొడుకు. వానికి తెలిసి గూడ మీరు గిట్ల అచ్చేసినరంటే నాకు మస్తు కోపమున్నది. మీమీద, వానిమీద.

నాకు జాలి వద్దు. నేను చెప్పింది చెప్పినట్టు అచ్చువేయవలెను.

రాచమ్మ


నారాయణగూడ, హైదరాబాదు
28 సెప్టెంబరు 1973

హేబ్సిబాకు,

అవ్వ ఉత్తరం చాలా రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. చించలేదు.

పోయిన శుక్రవారం ఎడిటరు బల్ల మీద పెట్టాను. గదిలో అందరూ ఉన్నారు. ఆయన చదివి, ఇది ఎవరు రాసిపెట్టారు అని అడిగాడు. మా అవ్వే రాసింది అన్నాను. అవ్వ అంటే, నాయనమ్మగారా అన్నాడు. కాదు, నన్ను కన్న తల్లి, దవాఖానలో ఆయా అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆయన మర్యాదస్తుడే. వేద్దాం అన్నాడు. ఒక పాఠకురాలి లేఖ అని, భాష సరిచేసి, నా పేరున్న ముక్కలు తీసేసి. కోపం తగ్గించి. నా చేతికే ఇచ్చి దిద్దుకురమ్మన్నాడు.

నేను బల్ల దగ్గర కూర్చుని పెన్ను మూత తీశాను. 'ఏడ్వలే' అన్నచోట 'ఏడవలేదు' అని రాయాలి. అంతే కదా, చిన్న మార్పు. నా చెయ్యి ముందుకు పోలేదు. లేచిపోయి, ఉన్నదున్నట్టు వేయండి, లేకపోతే వద్దు అన్నాను. అయితే వద్దు అన్నాడు.

అచ్చు కాలేదు. అది మీకు చెప్పాలి. నన్ను కథల పేజీ నుంచి తీసి మళ్ళీ ప్రకటనల ప్రూఫులకు వేశారు. సబ్బులు, తలనూనెలు దిద్దుతున్నాను. మీరు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. నాకూ కోపంగానే ఉంది. ఎవరి మీదో ఇంకా తేలలేదు.

అవ్వ ఉత్తరం తిరిగి పంపుతున్నాను. మడతలు తప్ప దాని మీద ఇంకే గీతా లేదు.

సంసోను


చిద్రి, బీదరు (కర్ణాటక)
18 నవంబరు 1973

కుమారుడు సంసోనుకు తల్లి రాచమ్మ వ్రాయునది.

మన రాజ్యం పేరు మార్చినరు. కర్ణాటక అంటున్నరు. హేబ్సిబా బడిల పిల్లలకు మిఠాయి పంచినరు. అది నాకూ తెచ్చింది, తిన్న.

నీ ఉత్తరం నేనే సదివిన. రెండుసార్లు సదివిన. నువ్వు కలం పెట్టలేదని రాసినవు. మంచిది. పని తగ్గించినరని రాసినవు. సబ్బుల పేర్లు తప్పు లేకుంట దిద్దు, అది గూడ పనే.

కాని నా కోపం పోలే. నా ఉత్తరం అచ్చు కాలే, ఆ పోశమ్మ అచ్చుల ఉన్నది. ఆ కాయిదం ఎవలింట్ల ఉంటే ఆ ఇంట్ల ఆమె ఏడుస్తనే ఉంటది. దాన్ని నువ్వు గూడ ఆపలేవు, నేను గూడ ఆపలేను.

నేను మళ్ళ వాక్యం సదువుతున్న. పోయిన ఆదివారం లేసిన. అద్దాలు మార్చుకోవాలె. అచ్చు సన్నగ కనబడుతుంది. బక్కమ్మకు సుత సదువు మొదలుపెట్టిన. ఆమె పేరు వరకు వచ్చింది. ఇంకొందరు ఆడోళ్ళు కూసుంటున్నరు.

క్రిస్మసుకు రా. వచ్చేటప్పుడు ఆ పత్రిక తీసుకరా. ఆడోళ్ళ కూటంల అందరి ముందట నిలబడి, నువ్వు రాసింది మొత్తం గట్టిగ సదువు. ఒక్క మాట మింగొద్దు. బక్కమ్మ వింటది. సాంబయ్యను గూడ పిలుస్త. నేను ముందల్నే కూసుంట, నా మొకం చూసుకుంట సదువు. తల వంచొద్దు.

సదివినంక ఇంటికి పోయి అన్నం తిందాం.

రాచమ్మ